ఒకటి తరువాత పది

నా చేతిలో పడిన కాగితం ఒక్కటి కూడా పోలేదని పదవీ విరమణ రోజు మైకు పట్టుకొని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పోలేదన్న మాట నిజమే. కాకపోతే ఒక ఊరి పొలాల పటాలు రెండు వందల పద్నాలుగులో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ వేరే పొలం నెంబరు కింద దొరికేవి. ఆ సంగతి సభలో చెప్పలేదు. మెడలో దండ పడ్డాక చెబితే బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు దండ వాడిపోయింది కాబట్టి రాస్తున్నాను.

మార్కాపురం చుట్టుపక్కల మండలాఫీసుల్లో రికార్డు గది చూసుకోవడం నా ఉద్యోగం. ఏ ఆఫీసులో ఏది జరిగిందో పేర్లు పెట్టి రాయను. ఆ కుర్చీలలో ఇప్పుడు కూర్చున్న పిల్లలకు నా తప్పులతో సంబంధం లేదు. ఈ రాత మాత్రం వాళ్ళ కోసమే.

ఫ్యాను కింద విద్య

జిల్లాలో మౌసు పట్టుకున్న మొదటి రికార్డు అసిస్టెంటుని నేనేనని చాలాకాలం చెప్పుకున్నాను. జిల్లా సంగతి నాకేం తెలుసు? మా ఆఫీసులో మొదటివాణ్ణి, అదీ ఫ్యాను వల్ల. కంప్యూటరు వేడెక్కుతుందని దాని నెత్తిన కొత్త ఫ్యాను బిగించారు. మా వైపు ఏప్రిల్ నెల ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. ఆ గాలి కింద కూర్చోవాలంటే కంప్యూటరు నేర్చుకోవాలన్నారు. నేర్చుకున్నాను.

చేయవలసిన పని వినడానికి తేలిక. బీరువాల్లో చెదలు తింటున్న కాగితాలను స్కాన్ చేయాలి, ఒక్కో దానికి పేరు పెట్టాలి, ఫోల్డరులో దాచాలి. పేరు పెట్టడమే అసలు ఉద్యోగమని నాకు తెలియడానికి పదేళ్ళు పట్టింది. బీరువాలో కాగితం మనం పెట్టిన చోటే ఉంటుంది. కంప్యూటరులో అట్లా కాదు. పేరును బట్టి అదే వరుస కడుతుంది, ఆ వరుస ఎట్లా కడుతున్నదో మనకు చెప్పదు.

పైన ఉండాలనే జబ్బు

మాకొక డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. గట్టి గొంతు, మెత్తని మనిషి. తన ఫైళ్ళు జాబితాలో అన్నిటికంటే పైన కనపడాలని ఆయన కోరిక. గుర్తులు ముందు, అంకెలు తరువాత, ఇంగ్లీషు అక్షరాలు ఆ తరువాత, తెలుగు అక్షరాలు చిట్టచివర వస్తాయని నేను అప్పటికే కనిపెట్టాను. ఆయన ఫైళ్ళ పేర్ల ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టాను. పైకి పోయి కూర్చున్నాయి. ఆయన నన్ను ఇంజనీరుకన్నా ఎక్కువన్నాడు. నేనూ కాదనలేదు.

నెల తిరిగేసరికి రహస్యం ఆఫీసంతా పాకింది. పక్క గుమాస్తా రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు, ఆ పక్కాయన మూడు. చివరకు తొమ్మిదింటితో అరుస్తున్న ఫైలు కూడా చూశాను, దానిలో కుర్చీలకు నవారు కావాలన్న కాగితం ఉంది.

ఈ తోపులాటలో రాచర్ల వైపునుంచి వచ్చిన ఒక ముసలామె అర్జీ అట్టడుగుకు పోయింది. ఆమె అర్జీకి తెలుగులో చక్కగా ఆమె పేరే పెట్టాను. తెలుగు కాబట్టి చివర, ముందు గుర్తులు లేవు కాబట్టి ఇంకా చివర. ఏడు వారాలు ఎవరూ చూడలేదు. ఆమె ఏడోసారి వచ్చి గడపలో కూర్చున్నప్పుడు డిప్యూటీ గారు స్వయంగా వెతికి దాన్ని బయటికి తీశాడు. ఆ తరువాత నన్ను పిలిచాడు.

"రమణయ్యా, అరిచినోడి కాగితం పైకి, గమ్మునున్నోడిది కిందికి పోతాంటే ఇంగ మిషన్ ఎందుకబ్బా? ఆ పని మనం ముందునుంచీ చేస్తానే ఉన్నాం గదా."

ఆ సాయంత్రం తన ఫైళ్ళ మీది ఆశ్చర్యార్థకాలు ఆయనే ఒక్కొక్కటిగా చెరిపాడు. అట్లాంటి అధికారి మళ్ళీ దొరకలేదు. పేరు ముందు గుర్తు పెట్టే అలవాటు మీకుంటే మానుకోండి.

అడ్డగీత తగాదా

సర్వే నెంబరును మనం పన్నెండు, ఏటవాలు గీత, రెండు అని రాస్తాం. ఆ ఏటవాలు గీతను కంప్యూటరు ఫైలు పేరులో ఒప్పుకోదు. నేను దాని బదులు అడ్డగీత పెట్టాను. నా తరువాత వచ్చినాయన అక్షరం అడుగున పడే గీత పెట్టాడు. ఇంకొకాయన చుక్క. ఒకే పొలం ముక్కలు మూడు చోట్లకు చెదిరిపోయాయి. కొన్ని కంప్యూటర్లయితే అడ్డగీతను అసలు లెక్కలోకే తీసుకోవు. పన్నెండులో రెండో ముక్క పోయి నూట ఇరవై రెండు పక్కన కూర్చుంటుంది. మీకు ఏ గుర్తు ఇష్టమో నాకు అనవసరం. గదిలో అందరూ ఒకటే పెట్టండి, అది ఏమిటో గోడమీద రాయండి.

ఇవన్నీ చిన్న తప్పులు. పెద్దది ఇప్పుడు రాస్తాను. ఇంతసేపు చుట్టూ తిరిగింది దాని దగ్గరకు రావడం ఇష్టం లేకే.

మొదటిది సరిపోయింది

అడవి అంచున, పుల్లలచెరువు పోయే వైపు ఒక ఊరు. ఆ ఊరికి రెండు వందల పద్నాలుగు సర్వే నెంబర్లు. ఒక్కో నెంబరుకు ఒక్కో పటం: పొలం ఆకారం, కొలతలు, లోపల దారి ఉంటే రెండు చుక్కల గీతలు, చుట్టూ ఆనుకొని ఉన్న పొలాల నెంబర్లు. వాటిని స్కాన్ చేసి 1, 2, 3 అని 214 దాకా పేర్లు పెట్టాను. నా కంప్యూటరులో 1, 2, 3 అని ముచ్చటగా వరుసలో నిలబడ్డాయి.

పటాలన్నీ ప్రింటు తీసి పుస్తకం కుట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పెద్ద ప్రింటరు వేరే గదిలో ఇంకో కంప్యూటరుకు ఉంది. అది పాతది. నాది అంకెలను సంఖ్యగా చదివేది, రెండు తరువాత మూడు, తొమ్మిది తరువాత పది. ఆ పాతది అంకెలను అక్షరాల మాదిరి ఒక్కొక్కటిగా చదివేది. దానికి ఒకటితో మొదలయ్యేవన్నీ ఒక ఇంటివాళ్ళు. 1 తరువాత 10, దాని తరువాత 100, 101, 102. వాళ్ళందరూ అయిపోయాక ఎప్పుడో నూట పన్నెండో కాగితంగా 2 వస్తుంది. ప్రింట్లు ఆ వరుసలో వచ్చాయి.

పాత పటాల మూలన ఉన్న నెంబరు సగం చెరిగిపోయింది. అందంగా ఉండాలని కొత్త చీటీలు విడిగా కొట్టించాను, 1 నుంచి 214 దాకా సరైన వరుసలో. ప్రింట్ల కట్ట ఇటు, చీటీల కట్ట అటు పెట్టుకొని, పాత నెంబరు మీదే కొత్త చీటీ అంటిస్తూ పోయాను. రెండో చీటీ పదో నెంబరు పటం మీద పడింది. మూడోది వందో నెంబరు పటం మీద.

సరి చూడలేదా అని అడుగుతారు. చూశాను. మొదటి కాగితం తీసి కంప్యూటరులోని ఒకటో పటంతో పోల్చాను. అచ్చం సరిపోయింది. ఏ వరుసలోనైనా ఒకటి మొదటే ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. కాగితాలు లెక్కపెట్టాను, రెండు వందల పద్నాలుగు. చీటీ ఒక్కటి మిగల్లేదు. బంక చేతులతో టీ తాగి, పుస్తకం మీద సంతకం చేశాను. ఆ పుస్తకంలోంచి మూడేళ్ళు నకళ్ళు ఇచ్చాము.

వెంగమ్మ కాగితం చూసింది

నా పదవీ విరమణకు ఎనిమిది నెలలు ఉన్నాయనగా ఆ ఊరినుంచి వెంగమ్మ అనే ఆమె వచ్చింది. గొర్రెలు మేపుకునే కుటుంబం. వాళ్ళ పొలం మూడో నెంబరు. పక్కన రెండో నెంబరు చెన్నకేశవులు అనే రైతుది. రెండో నెంబరులోంచి ఒక డొంక, అంటే గొర్రెలూ బండ్లూ పోయే దారి, కుంట దాకా పోతుంది. ఊరి మందలన్నీ ఆ దారినే నీళ్ళకు పోయేవి.

చెన్నకేశవులు చెడ్డవాడు కాదు. బత్తాయి తోట పెట్టుకోవాలని మా ఆఫీసులో రెండో నెంబరు నకలు తీసుకున్నాడు. దానిలో డొంక గీతలు లేవు. తన నాయన మంచితనానికి వదిలిన దారే తప్ప సర్కారు దారి కాదనుకున్నాడు. డొంకలో కూడా మొక్కలు నాటి, అడ్డం ముళ్ళకంప కట్టాడు.

మూడు నెలలనుంచి వెంగమ్మ వాళ్ళ మంద కొండ చుట్టూ తిరిగి నీళ్ళకు పోతున్నది. తహసీల్దారు మేడం సోమవారం విచారణ పెట్టింది. వెంగమ్మ అంతకు ముందు శుక్రవారమే ఆ నకలు చూడాలని వచ్చింది.

"ఇంతెండలో అంత దూరం నడ్సలేక గొర్రెపిల్లలు పడిపోతాండాయి సారూ. నిన్న రెండు సచ్చినాయి. మా ఆయన మంద ఎంబడే కొండకు పోయినాడు. సోమారం దారి రాకపోతే మంద అమ్ముకునేదే."

"చూడమ్మా, కాగితంలో దారి లేదు. కంప్యూటరులోంచి తీసిన కాగితం. అది అబద్ధం చెప్పదు," అన్నాను పెద్దమనిషి గొంతుతో.

ఇక్కడ ఒక మాట. ఈ తప్పును నేనే పసిగట్టానని పదిమందికి చెప్పాను. పటం చూడగానే అనుమానం తగిలిందనీ, నలభై ఏళ్ళ అనుభవం మాట్లాడిందనీ చెప్పాను. అనుభవం ఏమీ మాట్లాడలేదు. అది ఫ్యాను కింద కునుకు తీస్తున్నది. వెంగమ్మ ఆ కాగితాన్ని వెలుగులోకి తిప్పి, అంచుల మీద వేలు పెట్టి చుట్టూ చదివింది.

"ఇదేంది సారూ, తొమ్మిది, పదకొండు, ఇరవై ఏడు అని రాసినారు?"

"అవి ఆనుకొని ఉన్న పొలాలమ్మా."

"రెండో నెంబరుకు ఒక పక్క మా మామది ఒకటో నెంబరు. ఇంగో పక్క మాది మూడు. తొమ్మిది ఆడికెట్ల వచ్చింది? అది చింతమాను కాడుండాది."

నాకు చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

లోపలికి పోయి కంప్యూటరులో 2 అన్న ఫైలు తెరిచాను. చుట్టూ ఒకటి, మూడు. మధ్యలో రెండు చుక్కల గీతలు, వంకర లేకుండా కుంట దాకా. పుస్తకంలో ఆ పటం కోసం వెతికితే నూట పన్నెండో చీటీ కింద దొరికింది. ఒక్కొక్క కాగితం తిప్పాను. ఒకటి తప్ప ఏదీ దాని చోట లేదు.

అప్పుడు నేను చేసిన పని, రాయడానికి ఇబ్బందిగా ఉన్నా, రాయాలి. ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరులోని రెండో పటం ప్రింటు తీసి, ముద్ర వేసి, సంతకం చేసి వెంగమ్మకిచ్చాను.

"ఇది అసలైన కాగితమమ్మా. సోమవారం మేడంకు చూపించు. మిగతాది నేను చూసుకుంటా."

మిగతాది అంటే, ఎనిమిది నెలలు ఎట్లాగో గడిపి ఇంటికి పోవడం. పుస్తకం సంగతి నా తరువాత వచ్చేవాడు చూసుకుంటాడనుకున్నాను.

రెండు కాగితాలు

సోమవారం మేడం ముందు చెన్నకేశవులు తన నకలు పెట్టాడు. వెంగమ్మ తనది పెట్టింది. రెండింటి మీదా రెండో నెంబరు అని ఉంది. రెండింటి మీదా ఒకే ముద్ర. ఒకదానిలో దారి ఉంది, ఒకదానిలో లేదు. తప్పును గుట్టుగా దిద్దితే ఏమవుతుందో నేను అంతదాకా ఆలోచించలేదు.

మేడం రెంటినీ పక్కపక్కన పెట్టింది. "ఒకే పొలానికి రెండు పటాలు ఉండవు. ఒకటి దొంగ కాగితం. ఏది ముందు ఇచ్చారు?"

"నాది మూడు నెల్లది మేడం," అన్నాడు చెన్నకేశవులు. "ఆయమ్మది శుక్రారం నాటిది. తారీకు చూడండి."

వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇయ్యాల్రేపు జిరాక్సు షాపులో ఏం కావాల్నంటే అది చేసిస్తాండారు మేడం."

"ఎవరు చేసిచ్చారమ్మా నీకు?" మేడం అడిగింది.

వెంగమ్మ నా వైపు చూసింది. నేను కాళ్ళ చెప్పుల వైపు చూశాను.

"ఆఫీసులోనే ఇచ్చినారు మేడం."

"ఆఫీసులో ఎవరు?"

నా పేరు ఆమెకు తెలుసు. మిగతాది నేను చూసుకుంటానని చెప్పాను గదా, చూసుకుంటానని నమ్మి ఊరుకుంది. చెన్నకేశవులు కూడా ఇబ్బందిగా కదిలాడు. "వెంగమ్మా, ఎవుడో మోసం చేసింటాడు నిన్ను. చెప్పు, నీకేం కాదులే," అన్నాడు. మేడం అటెండరును పిలిచి, స్టేషనుకు ఫోను చేసి ఎవరినైనా రమ్మని చెప్పమంది.

నేను గంభీరంగా లేచి నిలబడి, న్యాయం నావల్లే బతికిందన్నట్టు మాట్లాడానని నా కోడలికి చెప్పి ఉన్నాను. కోడలా, అది కాదు. అటెండరు ఫోను తీసి నెంబరు నొక్కేదాకా కూర్చునే ఉన్నాను. లేచాక కూడా నా నోటినుంచి మొదట వచ్చింది, "మేడం, కొంచెం మంచినీళ్ళు" అన్న మాట. నీళ్ళు తాగి చెప్పాను.

"రెండు కాగితాలూ నావే మేడం. ఆయమ్మదే నిజమైనది. ఆయనది పదో నెంబరు పటం, దానికి రెండో చీటీ నేనే అంటించాను."

"ఈ ఒక్కటేనా?"

"ఊరంతా మేడం. ఒకటో నెంబరు తప్ప."

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది రమణయ్య గారూ?"

"శుక్రవారం."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "శుక్రవారం చెప్పి ఉంటే ఈమెను ఇట్లా నిలబెట్టి అడిగేదాన్ని కాదు గదా," అంది. నాకు మెమో వచ్చింది. అది ఎట్లా ముగిసిందన్నది ఆఫీసు గొడవ, దానిలో మీరు నేర్చుకునేది ఏమీ లేదు. నేర్చుకునేది మేడం మాటలో ఉంది. తప్పు జరిగిన రోజు తప్పు నాది. దాచిన మూడు రోజులూ దాని బరువు ఇంకొకరి నెత్తిన పెట్టాను.

ఆ మాటకొస్తే తప్పు జరగకుండా ఉండటానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. పేరులో ముందు సున్నాలు పెట్టండి: 001, 002, 010. ఎంత మొద్దు కంప్యూటరైనా వాటిని వరుస తప్పించలేదు. మొదటి కాగితం చూసి తృప్తి పడకండి, మధ్యలోంచి నాలుగు తీయండి, చివరిది తీయండి. మా చివరి కాగితం తీసి ఉంటే అది తొంభై తొమ్మిదో నెంబరు పటమని అక్కడే తేలేది. ఇంకా ముఖ్యం, పేరు నమ్మకండి. ఫైలు తెరిచి అంచులు చదవండి.

విచారణ అయ్యాక వెంగమ్మ మెట్లమీద చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపింది. దండం పెడుతుందనుకున్నాను, వద్దమ్మా అనడానికి చెయ్యి కూడా ఎత్తాను.

"సారూ, మావోళ్ళందరి కాగితాలూ ఇట్లనే ఉంటే వాళ్ళకెవురు చెప్తారు?"

ఎత్తిన చెయ్యి దించాను. మిగిలిన నెలలు ఆ పనే చేశాను. నకళ్ళు తీసుకున్న ఇళ్ళన్నిటికీ పోయి, అరుగుమీద కూర్చొని, పాతది వెనక్కు తీసుకొని సరైనది ఇచ్చాను. తిట్టినవాళ్ళు తిట్టారు, మజ్జిగ ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. తిట్టి మజ్జిగ ఇచ్చినవాళ్ళే ఎక్కువ.

దారి తెరిచిన రోజు

చెన్నకేశవులు మేడం ఉత్తర్వు కాగితం వచ్చేదాకా ఆగలేదు. మూడో రోజు ఉదయమే డొంకలోని బత్తాయి మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి పక్కకు మార్చుకున్నాడు. ముళ్ళకంప తీసేస్తున్నాడని తెలిసి నేనూ పోయాను. కంప లాగడంలో నేనూ ఒక చెయ్యి వేశానని రాద్దామనుకున్నాను. వేయలేదు. వేపచెట్టు నీడలో మోటారు సైకిలు మీద కూర్చున్నాను.

వెంగమ్మ, ఆమె భర్త మందను తోలుకొచ్చారు. దారి తెరిచి ఉంది. అవతల కుంటలో నీళ్ళు కనపడుతున్నాయి. మంద మాత్రం దారి దగ్గరికి వచ్చి ఆగింది. ముందున్న పొట్టేలు తల తిప్పి, మూడు నెలలుగా పోతున్నట్టే కొండవైపు నడక మొదలుపెట్టింది. మిగతావన్నీ దాని వెనకే.

"ఓయ్, ఇటు రాండే తల్లుల్లారా, ఇటు," అని వెంగమ్మ అడ్డం పరుగెత్తింది. ఆమె భర్త కర్రతో మళ్ళించాడు. వచ్చాయి, మళ్ళీ అదే చోట ఆగాయి.

"మూడు నెల్లకే దారి మర్సిపోయినాయా?" అన్నాడు చెన్నకేశవులు.

"మర్సిపోలేదన్నా. ముల్లు గుర్తుండాది వాటికి," అంది వెంగమ్మ.

చెన్నకేశవులు చేతిలోని పార కింద పడేసి, మందలోకి దిగి, ఒక గొర్రెపిల్లను రెండు చేతులా ఎత్తుకొని ఛాతీకి పట్టుకున్నాడు. అది అరిచింది. దాని తల్లి చెవులు నిక్కించి ఆయన వెంట రెండడుగులు వేసింది. ఆయన వెనక్కు చూడకుండా డొంకలో నడిచాడు. తల్లి వెంట ఇంకొకటి, దాని వెంట ఇంకొకటి, ఆఖరున పొట్టేలు కూడా, కుంట వైపు కదిలాయి.